‘సర్రు’న పుట్టిన మాట

ఒక సోదరి ఉత్తరం రాస్తూ మూడు ప్రశ్నలు వేశారు. ‘‘జిప్పు అనే మాటకు అర్థం ఏమిటి? దానికి అచ్చతెలుగు మాట ఏది? మా అత్తగారు ‘చైను’ అంటారు, మా అమ్మాయి ‘జిప్పర్’ అంటుంది, నేను ‘జిప్పు’ అంటాను. ముగ్గురిలో ఎవరిది తప్పు?’’ అని. ఇంట్లో మూడు తరాలవాళ్ళు మూడు పేర్లతో పిలుస్తున్నా సంచి మాత్రం చక్కగా మూతపడుతూనే ఉన్నదన్నమాట. మూడో ప్రశ్న అత్తాకోడళ్ళ మధ్యది కాబట్టి దాని దగ్గరికి కొంచెం ఆగి వస్తాను.

అర్థం అంటారా, ఆ మాటకు అర్థమే లేదు. ఉన్నదల్లా చప్పుడు. తుపాకిగుండు చెవి పక్కనుంచి దూసుకుపోయినప్పుడూ, గుడ్డను పర్రున చింపినప్పుడూ వినిపించే చప్పుడును పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు ‘జిప్’ అన్నారు. పోనుపోను అది వేగానికీ, చురుకుదనానికీ కూడా మాట అయింది. మన ‘సర్రున’ ఉన్నదే, సరిగ్గా అటువంటిది.

ఈ విషయంలో తెలుగువాడు ఎవరికీ తీసిపోడు. మనకు పాము సర్రున పోతుంది, బాణం రివ్వున పోతుంది, తలుపు కిర్రుమంటుంది, పోపు చుయ్యిమంటుంది, కోపం వస్తే మనిషే చర్రుమంటాడు. చప్పుడునుబట్టి వస్తువుకు పేరుపెట్టడం కూడా మనం ఎరిగినదే. నడిస్తే కిర్రుమనే చెప్పులు కిర్రుచెప్పులు అయినాయి. హైదరాబాదులో మోటారు సైకిలు ‘ఫట్‌ఫటి’ అయింది. కిర్రుచెప్పుల సంగతి ఊరికే ఎత్తలేదు. జిప్పర్ అన్నది కూడా మొట్టమొదట ఒక పాదరక్ష పేరే.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఆక్రన్ అనే ఊరున్నది. అక్కడి గుడ్‌రిచ్ రబ్బరు కంపెనీవారు మంచులోనూ బురదలోనూ నడిచేటప్పుడు బూట్లమీద తొడుక్కునే రబ్బరు తొడుగులు చేసేవారు. 1923లో ఆ తొడుగులకు బకిల్సు బదులు, ఒక్కసారి పైకి లాగితే బిగుసుకుపోయే కొత్తరకం బిగింపు కుట్టించారు. ముందు వాటికి ‘మిస్టిక్ బూట్’ అని పేరుపెట్టారు. మిస్టిక్ అంటే మన వేదాంతుల మార్మికం వంటిదే. బురదలో వేసుకునే బూటుకు అంత వేదాంతం ఎందుకనుకొన్నారో ఏమో, కంపెనీ అధ్యక్షుడు బెర్‌ట్రమ్ వర్క్ అనే ఆయన, ఆ వస్తువు చేసే పని వినగానే కళ్ళకు కట్టే మాట కావాలన్నాడు. లాగితే ‘జిప్’మంటున్నది కదా, ‘జిప్పర్’ అనేద్దాం అన్నాడు. 1925లో ఆ పేరును కంపెనీవారు తమ వ్యాపార చిహ్నంగా రిజిస్టరు చేయించుకొన్నారు.

ఇక్కడ ఒక తమాషా గమనించండి. వారు పేరు పెట్టింది బూటుకు. బిగింపు వారు చేసింది కాదు. పెన్సిల్వేనియాలోని మీడ్‌విల్ అనే ఊరి కంపెనీ దగ్గర కొనుక్కొన్నది. ఆ కంపెనీ దాన్ని ‘హుక్‌లెస్ ఫాస్టెనర్’ అని పిలిచేది, అంటే కొక్కెంలేని బిగింపు. వస్తువును ఎంతో కష్టపడి కనిపెట్టి, చివరికి అందులో ఏది లేదో చెప్పే పేరు పెట్టుకొన్నారు పాపం! అటువంటి పేరు ఎవరి నోట నిలుస్తుంది? జనం బూటును బూటనే అన్నారు, దానిమీద సర్రున జారేదాన్ని జిప్పర్ అన్నారు. పేరు మాది అని గుడ్‌రిచ్‌వారు కోర్టుకు వెళ్ళారు. బూట్ల వరకే ఆ పేరుమీద హక్కు వారికి మిగిలింది. బిగింపు పేరు మాత్రం అప్పటికే ఊరందరి సొత్తు అయిపోయింది.

అసలు కనిపెట్టినవాళ్ళ సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. కుట్టుమిషను పేటెంటుతో పేరు పొందిన ఎలియాస్ హోవ్ 1851లోనే ఇటువంటి ఊహ ఒకటి చేసి పేటెంటు తీసుకొన్నాడు కాని, దాన్ని అంతటితో వదిలేశాడు. నలభై ఏళ్ళ తరువాత షికాగోలో విట్‌కోంబ్ జడ్సన్ అనే ఇంజనీరు పూనుకొన్నాడు. ఆ రోజుల్లో బూట్లు పిక్కలదాకా ఉండేవి. వాటి గుండీలన్నీ పెట్టుకొనేసరికి వేళ్ళు నొప్పిపుట్టేవి. ఒక వరస కొక్కేలు, ఎదురుగా ఒక వరస కళ్ళు, రెంటినీ కలుపుతూ పోయే జారుడు బిళ్ళ ఒకటి, ఇదీ జడ్సన్ ఏర్పాటు. 1893 ఆగస్టులో పేటెంటు వచ్చింది. ఆ సంవత్సరమే షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో దాన్ని పెట్టాడు. ఆ ప్రదర్శనకు అనుబంధంగా జరిగిన సర్వమత మహాసభలోనే వివేకానందస్వామి మాట్లాడింది. స్వామి మాట ప్రపంచమంతా విన్నది. జడ్సన్ బిగింపును మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పట్టించుకోకపోవడానికి కారణం లేకపోలేదు. అది నమ్మదగ్గది కాదు. వేసుకొన్నవాళ్ళు కూర్చున్నా వంగినా ఊడిపోయేది. నలుగురిలో ఊడిపోయే బిగింపుకంటే అసలు బిగింపే లేకపోవడం నయం కదా! జడ్సన్ మరికొన్ని మార్పులు చేసి, 1909లో చనిపోయాడు. జిప్పర్ అనే మాట ఆయన చెవిన పడనే లేదు.

దాన్ని పనికివచ్చేట్టు చేసింది గిడియన్ సుండ్‌బ్యాక్. స్వీడనులో పుట్టి, అమెరికా వచ్చి, జడ్సన్ కంపెనీలో ఇంజనీరుగా చేరాడు. కార్ఖానా మేనేజరుగారి అమ్మాయిని పెళ్ళిచేసుకొన్నాడు. 1911లో ఆమె చనిపోయింది. ఆ దుఃఖంలో రాత్రింబగళ్ళు బల్ల ముందే కూర్చున్నాడంటారు. 1913 చివరకు కొక్కేలూ కళ్ళూ అన్న ఆలోచననే తీసి పారేశాడు. రెండు వైపులా ఒకే రకం పళ్ళు. ఒక్కొక్క పంటికి పైన చిన్న బొడిపె, కింద చిన్న గుంట. కింది పంటి బొడిపె పై పంటి గుంటలో కూర్చుంటుంది. చెంచాలను ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు. అంతకు ముందు అంగుళానికి నాలుగు కొక్కేలు ఉండేవి. ఈయన పది, పదకొండు పళ్ళు పెట్టాడు. ఇక ఊడటమన్నది తగ్గింది. 1917లో పేటెంటు వచ్చింది. ఆ పళ్ళను తీగనుంచి కోసి గుడ్డకు బిగించే యంత్రం కూడా ఆయనే తయారుచేశాడు. మీ అమ్మాయి బడి సంచికి ఈనాడు ఉన్నది, పళ్ళు లోహంవి కాక నైలాను చుట్టలు కావచ్చును గాని, మూలంలో సుండ్‌బ్యాక్‌గారి బిగింపే.

అంటే వస్తువు కనిపెట్టింది ఒకరు, బాగుచేసింది ఇంకొకరు, పేరు పెట్టింది మూడోవారు, ఆ పేరును తీసుకొని వాడుకొన్నది జనం. ఈ వరస గుర్తుపెట్టుకొంటే రెండో ప్రశ్నకు జవాబు సులువు అవుతుంది.

తక్కిన దేశాలవాళ్ళు ఏమన్నారో చూడండి. ఫ్రెంచివాళ్ళు ‘మెరుపు మూత’ అని అర్థం వచ్చే పేరు పెట్టుకొన్నారు. జపానువాళ్ళకు మన బొక్కసం తిత్తి వంటి, మూతి దగ్గర తాడు లాగితే బిగుసుకునే ‘కించాకు’ అనే చిన్న సంచి పూర్వంనుంచీ ఉన్నది. అందులోంచి ‘చాక్కు’ అని పుట్టించారు. అల్లరిచేసే పిల్లలను ‘నోటికి చాక్కు’ అని ఊరుకోబెడతారు. ఇంగ్లీషువాడు కూడా పెదవులకు జిప్పు వేసుకోమంటాడు. మనం నోటికి తాళం వేసుకోమనేవాళ్ళం. ఇప్పటి పిల్లలు జిప్పు వేసుకోమంటున్నారు. తాళానికి చెవి వేరే వెతుక్కోవాలి, జిప్పుకు అక్కరలేదు. కాబట్టి నోటి విషయంలో తాళమే గట్టిదని నా అభిప్రాయం.

మరి అచ్చతెలుగులో దీనికి మాట ఎందుకు లేదు? అవసరం లేక. మన పంచెకూ చీరకూ బిగింపుతో పని ఏమున్నది? కట్టుకోవడం, దోపుకోవడం, ముడివేసుకోవడం, వీటితోనే సరిపోయింది. అందుకే మనకు కుచ్చిళ్ళు ఉన్నాయి, గోచి ఉన్నది, రొంటిన దోపుకోవడం ఉన్నది, ముడి రవిక ఉన్నది. లాగుకు బొందు చాలు. కుట్టిన చొక్కా వచ్చిన తరువాత దాని బిగింపుల పేర్లు దానితోనే వచ్చాయి. బొత్తాము పోర్చుగీసువాళ్ళది. బొత్తాము దూరే కాజా కూడా వాళ్ళదే. తాపేశ్వరం కాజాకూ దీనికీ సంబంధం లేదు సుమండీ. పిన్నీసు ఇంగ్లీషు ‘పిన్స్’ లోంచి వచ్చింది. అక్కడే అది బహువచనం, మనం దానికి మళ్ళీ ‘లు’ చేర్చి పిన్నీసులు అన్నాం. మంగళసూత్రానికి పిన్నీసులు గుచ్చుకున్న మన నాయనమ్మలకు అది పరాయి మాట అని ఎన్నడైనా తోచిందా?

జిప్పు కూడా అదే దారిన వచ్చింది. పండితులు పూనుకొంటే ‘దంతబంధిని’ అని ఒకటి చెయ్యగలరు. కాని దుకాణానికి వెళ్ళి దంతబంధిని ఉన్నదా అని అడిగితే, పళ్ళ డాక్టరు పక్క వీధిలో ఉన్నాడని చెబుతారు. ‘పళ్ళపట్టీ’ అన్నది నా చెవికి బాగానే ఉన్నది గాని, ఆలస్యం అయింది. మాట ఇంట్లోకి వచ్చి కూర్చుని, అన్నం తిని, మన ఇంటిపేరు కూడా పెట్టేసుకొన్నది.

ఇంటిపేరు అన్నది వేళాకోళానికి కాదు. ‘కప్’ కప్పు అయింది, ‘బస్’ బస్సు అయింది, ‘క్లిప్’ క్లిప్పు అయింది, ‘జిప్’ జిప్పు అయింది. ‘కోట్’ మాత్రం కోట్టు కాలేదు, కోటు అయింది. ‘బూట్’ బూటు, ‘కేక్’ కేకు. ముందున్నది హ్రస్వమైతే హల్లు జంట అవుతుంది, దీర్ఘమైతే కాదు. ఈ సూత్రం ఏ బడిలోనూ చెప్పలేదు. చదువురాని ముసలమ్మ కూడా తప్పదు. ఇక జిప్పు వెయ్యి, జిప్పు తియ్యి, జిప్పు లాగు, జిప్పు పట్టేసింది, జిప్పు ఊడింది, జిప్పుల సంచి. ఇవన్నీ తెలుగు వాక్యాలు కాకపోతే మరేమిటి? ఒక భాష పరాయి మాటను తన వ్యాకరణంలో పెట్టి నడిపించుకోగలిగినంతకాలం దానికి వచ్చిన భయం ఏమీ లేదు. క్రియలూ, ప్రత్యయాలూ కూడా అరువు తెచ్చుకోవలసి వచ్చిననాడు విచారిద్దాం.

మూడో ప్రశ్నకు వద్దాం. సోదరి అనే ‘జిప్పు’ బ్రిటిషువాళ్ళ ‘జిప్’ నుంచి వచ్చింది. అమ్మాయి అనే ‘జిప్పర్’ అమెరికావాళ్ళది. అత్తగారి ‘చైను’ చూడబోతే మరీ ఇంగ్లీషులా కనిపిస్తుంది. కాని లండనులోగాని న్యూయార్కులోగాని నా సంచి చైను ఊడిందని చెప్పి చూడండి, ఎవరికీ బోధపడదు. ఆ మాటకు ఆ అర్థం ఇచ్చింది మనవాళ్ళే. పళ్ళ వరస గొలుసులాగా ఉన్నదని హిందీవాళ్ళూ, బెంగాలీలూ, మనమూ చైను అన్నాం. మాట వాళ్ళది, పోలిక మనది. కనుక ముగ్గురిలోనూ స్వదేశీ ఎవరని అడిగితే అత్తగారే! కాకపోతే రైలుప్రయాణంలో మాత్రం కోడలి మాట క్షేమం. సంచి సర్దుతూ ‘‘చైను లాగండి’’ అని గట్టిగా కేకేస్తే బండి ఆగిపోయే ప్రమాదం ఉన్నది.

ఈ మాట తన పుట్టింటిని వదిలి చాలా దూరం పోయింది. 1928లో న్యూయార్కు టైమ్స్ స్క్వేరులో ఒక భవనం చుట్టూ దీపాల అక్షరాలతో వార్తలు పరుగెత్తించారు. జనం దాన్నీ జిప్పర్ అన్నారు. రోడ్డు ఇరుకైన చోట ఈ వరస నుంచి ఒక బండి, ఆ వరస నుంచి ఒక బండి చొప్పున కలవడాన్ని జర్మనులు జిప్పు పద్ధతి అంటారు. పళ్ళు ఒకదాని తరువాత ఒకటి కూర్చున్నట్టన్నమాట. మన కూడళ్ళలో పళ్ళన్నీ ఒకేసారి గుంటలో కూర్చోవాలని చూస్తాయి, అందుకే పట్టేస్తుంది. కంప్యూటరులో కాగితాల కట్టను చిన్నదిగా నొక్కి పంపడాన్ని 1989 నుంచి జిప్ అంటున్నారు. అమెరికా చిరునామాల్లోని జిప్ కోడ్ మాత్రం వేరు. అది 1963లో మొదలైన ఒక తపాలా పథకం పేరులోని మొదటి అక్షరాలు; ఉత్తరాలు సర్రున పోతాయన్న ధ్వని కూడా కలిసివచ్చేట్టు కూర్చారు. 1972లో వచ్చిన మన పిన్ కోడ్‌కు అది అన్నగారు వంటిది.

ఇంత చెప్పి, ఇంట్లో జిప్పు పాడైతే ఏం చెయ్యాలో చెప్పకపోతే ఈ పేజీ చదివే ఇల్లాళ్ళు ఒప్పుకోరు. మాటల సంగతి ఇక్కడే డబ్బుల సంగతి అవుతుంది. ‘‘జిప్పు పోయింది’’ అని మనం ఒకే మాట అంటాం. దర్జీ కూడా మొత్తం జిప్పు విప్పి కొత్తది కుడతాడు. లేదా అంతకంటే కొత్త సంచే కొనుక్కోండి అంటాడు. పిల్లవాడి బడి సంచి, ఆయనగారి ప్రయాణపు పెట్టె, నిక్షేపం వంటివి, అటక ఎక్కుతాయి. నిజానికి చాలాసార్లు పోయేది జిప్పు కాదు, రన్నరు. అటూఇటూ జారే బిళ్ళను రన్నరు అంటారు. దాని కడుపు ఒకవైపు రెండు పాయలుగా చీలి, మధ్య చిన్న చీల ఉంటుంది. ఒకవైపు లాగితే రెండు వరసలనూ దగ్గరకు నొక్కి కలుపుతుంది. వెనక్కు లాగితే ఆ చీల వాటిని విడదీస్తుంది. ఆలోచించండి, ఒకసారి లాగితే ఒక్కొక్క పన్ను రన్నరును ఒకసారే రాసుకుంటుంది. రన్నరు మాత్రం అన్ని పళ్ళనూ రాసుకుంటూ పోవాలి. ముందు అరిగేది ఏదో వేరే చెప్పాలా?

గుర్తు పట్టడం ఇట్లాగ. రన్నరు నడుస్తున్నది గాని దాని వెనకాల పళ్ళు కలవడం లేదు, కలిసినా మళ్ళీ విచ్చుకుంటున్నాయి అంటే రన్నరు కడుపు వదులైందన్నమాట. పట్టకారుతో వెనకవైపు అంచులను రెండు పక్కలా, చాలా మెల్లగా, కొంచెం కొంచెం నొక్కండి. గట్టిగా నొక్కితే అసలు కదలదు, విరిగినా విరుగుతుంది. దానితో సరిపోకపోతే ‘‘రన్నరు మార్చండి’’ అని ఆ మాటే చెప్పి అడగండి. పళ్ళు రెండు మూడు ఊడిపోయి ఉంటేనే మొత్తం జిప్పు మార్చుకోవడం. గుడ్డ అంచు చిక్కుకుంటే ముందుకు లాగకండి. రన్నరును వెనక్కు జరుపుతూ గుడ్డను పక్కకు లాగితే వదులుతుంది. బిర్రుగా ఉంటే పళ్ళమీద కొవ్వొత్తిగాని పొడి సబ్బుగాని రాయండి. నూనె వద్దు, దుమ్ము పడుతుంది, బట్ట మరకౌతుంది. ఉతికేటప్పుడు జిప్పు వేసి ఉతకండి. నైలాను జిప్పుమీద ఇస్త్రీ నేరుగా పెడితే పళ్ళు కరిగి కూర్చుంటాయి.

ఇంట్లో వేళ్ళు సరిగా వంగని పెద్దవాళ్ళు ఉంటే వారి చేతిసంచి రన్నరు కొసకు తాళంచెవుల రింగు ఒకటి తగిలించండి. చిటికెన వేలు దూర్చి లాగినా వస్తుంది, మందుల సంచి తెరవమని పొద్దస్తమానం ఇంకొకరిని పిలవనక్కరలేదు. వెనకవైపు జిప్పున్న గౌనులకు ఆడపిల్లలు దారం కట్టుకొని భుజంమీదుగా లాగుకోవచ్చును.

కొత్త రన్నరు కొనడానికి వెళ్ళేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకుపోండి. తిప్పి చూస్తే వెనకవైపు చాలావాటికి 3 అనో, 5 అనో, 8 అనో అంకె ఉంటుంది. అది కొలత. ముందువైపు ‘వై.కె.కె.’ అని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే అది 1934లో తదావో యోషిదా అనే ఆయన జపానులో మొదలుపెట్టిన కంపెనీ గుర్తు. ఒకే అంకె ఉన్నా నైలాను చుట్టల జిప్పుకు వేరు, లోహపు పళ్ళ జిప్పుకు వేరు రన్నరు పడుతుంది. సంచి కూడా తీసుకువెళ్ళి అక్కడే ఎక్కించి, నాలుగుసార్లు అటూఇటూ లాగి చూసుకొని మరీ డబ్బులివ్వండి.